తప్పిపోయిన పొద్దుటి మాత్ర

నా చిన్నప్పుడు నాకు మూర్ఛలు వచ్చేవి. ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. డాక్టరు రాసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోవడం మొదలుపెట్టాక అవి ఆగాయి. భయం మాత్రం ఆగలేదు. ఒకసారి బడి ప్రార్థనలో పడిపోయి, కళ్ళు తెరిచేసరికి చుట్టూ పిల్లల బూట్లే కనిపించాయి. వాళ్ళలో ఎవరూ నా దగ్గరకు రాలేదు. మళ్ళీ అలా పడిపోతానేమోనని నిద్రలో కూడా ఉలిక్కిపడేదాన్ని.

అమ్మకు పురిటి నొప్పులు మొదలైన రోజది. తెల్లవారుతూనే నాన్న ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఇంట్లో నేనూ మామ్మా మిగిలాం. ఆ హడావిడిలో నా సంగతి ఎవరికీ గుర్తు లేదు. మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటే, వంటింటి అరుగు మీద నీళ్ళ గ్లాసు పక్కన పొద్దుటి మాత్ర అమ్మ పెట్టినచోటే ఉంది. ‘‘మామ్మా, మాత్ర!’’ అని అరిచాను.

మామ్మ నాకన్నా ఎక్కువ బెదిరిపోయింది. ‘‘అయ్యో, మర్సిపోనామే!’’ అంటూ ఇంకో మాత్ర తీసి రెండూ నా అరచేతిలో పెట్టింది. ‘‘రెండూ ఒక్కసారే మింగీమ్మా, సరిపోద్ది.’’ రెండు వేసుకుంటే రెండింతలు కాపాడతాయనే నేనూ అనుకున్నాను. నోటి దాకా చెయ్యెత్తాను.

సరిగ్గా అప్పుడే అమ్మ కబురు అడగడానికి పక్కింటి అక్క వచ్చింది. తెలుగు బడిలో టీచరు ఆవిడ.

‘‘ఆగమ్మీ, మింగీకు! ఏటైనాది మామ్మగారూ?’’

మామ్మ ఏడుపు గొంతుతో చెప్పింది. అక్క నా చేతిలోని మాత్రలు తీసుకుంది. ‘‘రెండు ఎయ్యొచ్చో లేదో నాకూ తెలీదు. తెలీనప్పుడు ఎయ్యకూడదు. డాక్టరుగారిని అడిగొద్దుం.’’

రిక్షాలో డాక్టరుగారుండే ఝాపేటాపూర్ వైపు వెళుతుంటే దారిలో ప్రతి కుదుపుకీ మూర్ఛ మొదలైందనే అనుకున్నాను. నీటి గుంటలో ఎండ తళుక్కుమన్నా, నాలుక మొద్దుబారినట్టనిపించినా అక్క చీరను గుప్పిట్లో బిగించేదాన్ని. ఆవిడ విడిపించుకోలేదు.

డాక్టరు పెద్దాయన, బెంగాలీ. అక్క తెచ్చిన చీటీలో మందు పేరు చూసి, ఎప్పుడు తప్పిందో అడిగి, ‘‘అభీ ఏక్. రాత్‌వాలా రాత్ మే. దో ఏక్ సాథ్ కభీ నహీ,’’ అన్నారు. అక్క తెలుగులో విడమరిచింది. ఇప్పుడు ఒకటి వేసుకోవాలి, రాత్రిది రాత్రి మామూలుగానే. ఒకవేళ రాత్రి దగ్గరపడ్డాక గుర్తొస్తే, తప్పిపోయినదాన్ని వదిలేసి రాత్రిదొక్కటే వేసుకోవాలి. రెండూ కలిపి మింగితే మత్తుగా తూలి పడిపోవచ్చు. అన్ని మందులకూ ఇదే పద్ధతి కాదు, కాబట్టి ఏ మందుకైనా అడిగి తెలుసుకోవాలని కూడా ఆయన చెప్పారు. అక్కడే నీళ్ళు తాగి ఒక్కటి మింగాను.

తిరిగి వస్తూ, ‘‘అక్కా, ఇంక రాదు కదా?’’ అని అడిగాను. రాదంటుందనే అనుకున్నాను. అందరూ అనేది అదే.

ఆవిడ నా వైపు తిరిగింది. ‘‘రాదని సెప్పలేనమ్మీ. వస్తే ఏటి సేస్తానో సెప్తాను, ఇను. నిన్ను పక్కకి తిప్పి పడుకోబెడతాను. తల కింద మెత్తగా ఏదైనా పెడతాను. నోట్లో ఎవరినీ ఏటీ పెట్టనివ్వను. వెంటనే తగ్గకపోతే డాక్టరు దగ్గరకి తీసుకుపోతాను. నీకు తెలివొచ్చేదాకా నీ పక్కనుండి లేవను.’’

సాయంత్రమంతా ఆవిడ మా వరండాలో నా పక్కనే కూర్చుని పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకుంది. నేను మూర్ఛ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. భయం పోలేదు. కానీ ఆ బూట్ల మధ్య ఒంటరిగా పడి ఉన్నట్టు మాత్రం మళ్ళీ అనిపించలేదు. చీకటి పడుతుండగా నాన్న వచ్చి, తమ్ముడు పుట్టాడని చెప్పారు. మామ్మ నన్ను పట్టుకుని బోరుమంది. ఆ రోజు మూర్ఛ రాలేదు.

తర్వాత కొన్నేళ్ళకు డాక్టర్లే ఆ మందు మాన్పించారు. ఇప్పుడు బీపీ మాత్ర మరచిపోయినా మర్నాడు రెండు వేసుకోను; అనుమానముంటే ఫోన్ చేసి అడుగుతాను. అంతకన్నా ఎక్కువగా నాతో నిలిచిపోయినది ఇంకొకటుంది. ఎవరైనా వణికే గొంతుతో ‘‘ఏం కాదు కదా?’’ అని నన్ను అడిగితే, ‘‘ఏం కాదులే’’ అనే మాట నా నోటికి రాదు. పక్కన కూర్చుని, ఒకవేళ ఏదైనా అయితే ఏం చేద్దామో చెబుతాను.