హసన్‌పర్తిలో ముంగిసకు పెట్టే గుడ్డు

ముంగిసలు రోడ్డు దాటుతూ తోక చూపించడమే తప్ప నాకెప్పుడూ తీరిగ్గా కనిపించిన పాపాన పోలేదు. హసన్‌పర్తిలో ఒకరి పెరట్లోకి రోజూ ఒకటి వస్తుందని వరంగల్ మిత్రుడు చెబితే, ఓ ఆదివారం పొద్దున్నే హైదరాబాద్‌లో రైలెక్కి కాజీపేటలో దిగాను. అక్కడి నుంచి హన్మకొండకు, మళ్లీ హసన్‌పర్తికి షేర్ ఆటోలు. రెండూ కలిపి వంద రూపాయల్లోపే. రెండో ఆటో డ్రైవర్ నా కెమెరా చూసి, ముంగిస ఎదురైతే మంచి శకునమని దండం పెట్టుకుంటారు గానీ ఫొటోలు ఎవరు తీస్తారన్నాడు.

ఆ పెరడు లచ్చవ్వది. అరవై దాటిన మనిషి, కోడిగుడ్లు అమ్ముకుంటుంది. నాకు చాయ్ ఇచ్చి, గడ్డివాము పక్కన రాయి మీద ఒక గుడ్డు పెట్టి వచ్చింది. కాసేపటికి బూడిదరంగు ముంగిస వచ్చి, గుడ్డును వెనక్కాళ్ల సందులోంచి రాయికేసి కొట్టి, తాపీగా తిని పోయింది. కోళ్లు పెంచే మనిషి కోళ్లదొంగకు విందు పెట్టడమేమిటని నవ్వుతూ అడిగాను.

రెండేళ్ల కింద, కోడిపిల్లల్ని ఎత్తుకుపోతోందని ఒక ముంగిసను బోనులో పట్టించి చెరువు అవతల వదిలేయించిందట. ఆ వానాకాలమే ఈ వాములోంచి గడ్డి తీయబోయిన ఆమె భర్తను పాము కరిచింది.

"నేనే పట్టిచ్చిన బిడ్డా. అది ఉంటే మా ముసలాయన బతుకుతుండె."

ఇప్పుడు ఆ వాము దగ్గరే ఆమె మనవరాలు ఆడుకుంటుంది. ఈ కొత్త ముంగిస ఎటూ పోకూడదని రోజూ ఒక గుడ్డు.

ముంగిస ఉన్నంత మాత్రాన పాము రాదని నమ్మకమేమీ లేదు. ఆ మాట నోటిదాకా వచ్చినా మింగేసి, కరిచాక దవాఖానకు ఎప్పుడు తీసుకెళ్లారని అడిగాను. లచ్చవ్వ లేచి రాయి మీది గుడ్డుపెంకులు ఏరింది.

"ముందుగాల మంత్రమేసేటాయన దగ్గరికి తోల్కపోయినం. గాడికి పోదామన్నది గూడ నేనే."

తిరుగు రైల్లో ఫొటోలు చూసుకున్నాను. బాగానే వచ్చాయి. రెండు తప్పుల్లో చిన్నదాన్నే ఆమె ఇన్నాళ్లూ మోస్తోందనిపించింది. అదైతే గుడ్డు పెట్టి తీర్చుకోవచ్చు. నేను రెండోదాన్ని తవ్వి చేతిలో పెట్టి వచ్చాను. అడగకుండా ఉండాల్సిందని బాధేసింది. ఆ పాపను తలుచుకుంటే మాత్రం అడగడమే మంచిదైంది.

అటువైపు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: గడ్డివాముల దగ్గర తిరిగేటప్పుడు బూట్లు వేసుకోండి. పాము కరిస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఎటు పొమ్మన్నా సరే, నేరుగా దవాఖానకే వెళ్లండి.