వెర్డెల్ గడ్డిచేను

వెర్డెల్ హైటవర్‌కు అరవై ఎనిమిదేళ్లంటే ఎవరూ నమ్మరు. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. వెనక నలభైమంది పిల్లలు గోల పెడుతున్నా స్టీరింగ్ మీద నిలకడగా ఉండే ఆ చేతులు, ఆ ఫిబ్రవరి పొద్దున ఫోను పెట్టేసి చప్పట్లు చరిచాయి. అదంతా సంతోషం. అటవీశాఖ వాళ్లు అనుమతి ఇచ్చారు. గాలి అనుకూలంగా ఉంది, ఈరోజే చేనుకు నిప్పు పెట్టుకోవచ్చు.

"అన్నయ్యా, వచ్చేసింది! లే, బూట్లేసుకో!"

ఎనభై ఒకటి నిండిన ఓజెల్ కాఫీ కప్పు కింద పెట్టలేదు. "పెళ్లిపిలుపు వచ్చినట్టు ఆ గంతులేంటే? తగలబెట్టుకునేది మన చేనేగా."

ఆ పన్నెండెకరాలూ అన్నాచెల్లెళ్ల ఉమ్మడి ఆస్తి. తాతగారి కాలంలో అక్కడ పొడవాకుల పైన్ చెట్లు ఆకాశానికి నిచ్చెన వేసినట్టు ఉండేవట. ఆయన వాటికి గాట్లు పెట్టి బంక తీసి బతికాడు. తరవాత గొడ్డలి వచ్చింది, దాని వెనకే నాగలి వచ్చింది. నాన్న పత్తి వేశాడు, ఓజెల్ వేరుశనగ వేశాడు. బస్సు దిగి రిటైరైన రోజే వెర్డెల్ చెప్పేసింది, ఇక ఆ నేలలో తాతగారి చెట్లే ఉంటాయని. అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో ఆ మూలన అందరూ నవ్వారు.

నవ్వరా మరి? ఈ పైన్ తీరే వేరు. నాటాక నాలుగైదేళ్లు పైకి లేవనే లేవదు. కాండం కనబడదు, కొమ్మ కనబడదు. నేలకు కరుచుకుని గడ్డి దుబ్బులా కూర్చుని, గుట్టుగా వేరు దింపుకుంటూ ఉంటుంది. తెలియనివాడికి అది ఉత్త గడ్డే. ఆదివారం చర్చి మెట్ల మీద ఎవరో ఒకరు తగులుకునేవారు.

"వెర్డెలక్కా, గడ్డి బాగా ఎదిగిందట. మా ఆవుల్ని తోలుకు రానా?"

"తోలుకురా. అవి తిరిగి వస్తాయని మాత్రం నేను హామీ ఇవ్వను," అనేది వెర్డెల్.

నిజానికి మొదటిసారి నాటినవి ఎదగనే లేదు. వేరుగడ్డ తల మట్టి పైకి కాస్త కనబడేలా నాటాలని అటవీశాఖ వాళ్లు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పారు. వెర్డెల్ అలాగే నాటించింది. ఓజెల్ చూశాడు. అరవై ఏళ్లు సేద్యం చేసిన చెయ్యి ఊరుకుంటుందా? పాపం, పసిమొక్కల వేళ్లు బయటపడ్డాయనుకున్నాడు. పార పట్టుకుని పది రోజులు వంగి, చిలగడదుంపకు ఎగదోసినట్టు ప్రతి మొక్కకూ మట్టి ఎగదోశాడు. ఈ చెట్టు మొగ్గ నేలకు ఆనుకునే ఉంటుంది. అది మట్టిలో కూరుకుపోయి కుళ్లింది. అంతా ప్రేమతోనే చేశాడు, ప్రేమతోనే చేనంతా చంపాడు.

వెర్డెల్ వారం రోజులు అన్నతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఆయనే వచ్చాడు.

"మళ్లీ నాటు. తప్పు నాది కాబట్టి అయిదు వసంతాలు అడ్డం రాను. అయిదో ఈస్టర్‌కి చెట్లు లేచి నిలబడకపోతే మాత్రం మళ్లీ వేరుశనగే. మాటేనా?"

"మాటే!" అని ఆమె చెయ్యి కలిపింది.

ఇప్పుడు నడుస్తున్నది ఆ అయిదో వసంతమే. ఇంతవరకూ ఒక్క దుబ్బు కూడా లేవలేదు. పైగా ఆకులకు గోధుమరంగు మచ్చల తెగులు పట్టింది. అటవీశాఖ అమ్మాయి కెతూరా వచ్చి చూసి, దీనికి మందు నిప్పేనని తేల్చింది. తెగులు పట్టిన ఆకులు కాలిపోతాయి, మొగ్గ బతికితే కొత్త ఆకులు వేస్తుంది.

"బతికితేనా?" అన్నాడు ఓజెల్.

"బతుకుతుంది తాతా. వీటికి నిప్పు కొత్త కాదు."

తొమ్మిదింటికల్లా అందరూ చేను గట్టు మీద ఉన్నారు. చుట్టూ మంట దాటకుండా దున్ని పెట్టిన దారి, నీళ్ల ట్యాంకరు, పలుగొర్రులు పట్టుకున్న చర్చివాళ్లు. కెతూరా గాలికి ఎదురుగా మొదటి నిప్పు గీత అంటించింది. తరవాత మూతి నుంచి మండే నూనె చుక్కలు రాలే డబ్బాను వెర్డెల్ చేతికిచ్చింది. వెర్డెల్ నడిచింది. వెనకే మంట లేచింది. ఎండిన కలుపు చిటపటలాడింది, పొగ మలుపు తిరిగింది, వేడి మొహాన కొట్టింది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లూ ఒంటిమీద నుంచి జారిపోయినట్టుంది.

"చూడన్నయ్యా! ఎలా పాకుతోందో చూడు!"

"చూస్తున్నానే తల్లీ, నీ జుట్టు చూసుకో ముందు!"

మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. పన్నెండెకరాలూ నల్లగా, పొగలు కక్కుతూ ఉన్నాయి. దుబ్బులున్న చోట కమిలిన మోళ్లు మిగిలాయి. ఓజెల్ బూటు కొనతో ఒక మోడును తట్టాడు.

"నేను మట్టితో చంపాను. నువ్వు నిప్పుతో చంపావు. చెల్లుకు చెల్లు."

ఎవరి మాటా పడని వెర్డెల్ ఆ మోడు మీదికి వంగి చూసింది. ఆమెకు మొదటిసారి భయం వేసింది.

రోజూ పొద్దున్నే చేనుకు వెళ్లి బూడిదలో మోకాళ్లూని వెతికేది. ఎనిమిది రోజులు అంతా నలుపే. తొమ్మిదో రోజు ఒక మోడు నడుమ గోరంత పచ్చదనం కనబడింది. పక్కదానిలోనూ ఉంది. దాని పక్కదానిలోనూ! ఆమె బస్సు హారన్‌కు ఏమాత్రం తీసిపోని గొంతుతో కేక వేసింది. కుక్కలు మొరిగాయి.

అయితే మాట ఇచ్చుకున్నది పచ్చబడటం మీద కాదు, లేచి నిలబడటం మీద. మార్చి గడిచింది. దుబ్బులు నిండాయి కానీ నేలను వదల్లేదు. వేరుశనగ విత్తనం ఎక్కడ దొరుకుతుందో ఓజెల్ వాకబు చేస్తున్నాడని ఊళ్లో చెప్పుకున్నారు. ఏప్రిల్‌లో వెర్డెల్ చేను సంగతులు చెప్పడం మానేసింది. అన్న చేనువైపు వస్తానంటే ఏదో పని చెప్పి ఆపింది. ఈస్టర్ మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్న చెయ్యి పట్టుకుని లాగింది.

"నడు."

"అరగనివ్వవే!"

"అక్కడ అరుగుతుంది, నడు!"

గట్టెక్కి ఓజెల్ ఆగిపోయాడు. చేను నిండా, ప్రతి పచ్చ దుబ్బు నడుమనుంచీ తెల్లటి మొగ్గ కాండమై నిటారుగా లేచింది. కొన్ని జానెడు, కొన్ని మూరెడు. అన్నీ ఒక్కసారే మాట్లాడుకుని లేచినట్టు వేలకు వేలు నిలబడి ఉన్నాయి.

ఆయన టోపీ తీశాడు. దగ్గరున్న మొగ్గను వేలితో తాకి చూశాడు, మెత్తగా ఉంది.

"మళ్లీ ఎప్పుడు తగలబెడతావు?"

"రెండేళ్లకు."

ఓజెల్ మనసులో లెక్క వేసుకున్నాడు. "అప్పటికి నాకు ఎనభై మూడు." చెయ్యి చాచాడు. "ఆ నూనె డబ్బా పట్టుకోవడం ఎలాగో ఇప్పుడే నేర్పు. ఈసారి నేను అంటిస్తా. నేను లేకుండా అగ్గిపుల్ల గీశావంటే ఊరుకోను."

వెర్డెల్ నవ్వబోయింది. నవ్వు రాలేదు, కళ్లనీళ్లొచ్చాయి. అన్న చేతిని రెండు చేతులతో పట్టుకుని, డబ్బా లేకపోయినా దాని పిడి ఎలా పట్టుకోవాలో అక్కడే చూపించడం మొదలుపెట్టింది.