కృష్ణబిలంలోంచి కబురు

నాకే తెలియని సంగతి పిల్లలకు చెప్పడం నాకు పాత అలవాటు. పెద్దలకు చెప్పబోవడం మాత్రం అదే మొదటిసారి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, దమ్మపేట అవతల అడవి అంచు బడిలో ఫిజిక్స్ సారును. శనివారం చండ్రుగొండలో చుట్టుపక్కల సైన్సు టీచర్లందరి ముందు నా ఉపన్యాసం. ఎంత దూరాన ఉన్నా ఒకదాన్ని చూస్తే రెండోదాని సంగతి తెలిసిపోయే చిక్కుబడ్డ జంట కణాల్లో ఒకటి కృష్ణబిలంలో పడితే, బయట మిగిలిన రెండోది లోపలి కబురంతా చెబుతుందని రాసుకున్నాను. వెలుతురే బయటపడలేని చోటు నుంచి నేను వార్తలు తెప్పిస్తున్నాను.

గురువారం మా అటెండరు, పక్క గూడెం పెద్దాయన, నా చేతిలో ఆరు ముడుల దారం పెట్టాడు. వాళ్ళ పండుగ పిలుపు అదే. రోజుకో ముడి విప్పాలి. ముడులు అయిపోయిన రోజు పండుగ. అలాంటి దారమే ఇంకొకటి ఆయన ఇంట్లోనూ ఉంటుంది. నాకు ఉదాహరణ దొరికింది.

“అన్నా, నా దారం చూస్తే నీ దారానికి ఎన్ని ముడులున్నయో తెలుస్తది గదా. కృష్ణబిలమంటే ఆకాశంల నల్ల బొంద. అందుల పడ్డ కణం కబురు బయటి కణం గట్లనే చెప్తది.”

ఆయన చీపురు ఆపాడు. “ఊళ్ళె ఎవలన్నా పోయి, పండుగ ఎన్కకు జరిగిందనుకో సారూ. నీ దారం చెప్తదా?”

“చెప్పదు.”

“మనిషిని తోలాలె గదా.”

“తోలాలె.”

“మరి ఆ నల్ల బొందల పడ్డోడు మనిషిని తోలుతడా?”

“అందులకెళ్ళి ఎవ్వడూ బయటికి రాడే.”

“గట్లయితే నీకు కబురెట్ల వచ్చింది?”

సాయంత్రం కూర్చుని ఉపన్యాసం సగం కొట్టేశాను. జంట కణాలు దారాలకంటే గడుసువి. వాటివి ముందే వేసుకున్న ముడులు కావు, చూసేదాకా జవాబే ఖాయం కాదు. అయినా కబురు మోయడంలో రెండూ మూగవే. వేరే దారిన ఒక మాట రావాలి. కృష్ణబిలం ఆ మాటనే రానివ్వదు. చిక్కు కణాలది, చిక్కుకున్నది నేను.

శనివారం పోవలసిన పరువు దక్కిందనుకుంటే, శుక్రవారమే పోయింది. పెద్దాయన ముచ్చట స్టాఫ్ రూమంతా చెప్పాడు. టీ ఆలస్యమైనా సరే, అందరూ నన్ను చూసి “మనిషిని తోలాలె సారూ” అని నవ్వడమే.

శనివారం చార్టులు మోయాలని చెప్పి ఆయనను బస్సెక్కించాను. మిగిలిన సగం ఉపన్యాసం ఇరవై నిమిషాల్లో ముగించి, నా తప్పు దిద్దింది ఈయనేనని, ప్రశ్నలన్నింటికీ ఈయనే జవాబు చెప్తారని ప్రకటించి, వేదిక మీద నా కుర్చీలో కూర్చోబెట్టాను.

“గిదేం పని సారూ,” అని గొణిగాడు.

నేను దిగి ముందు వరుసలో కూర్చున్నాను. మొదటి ప్రశ్న నేనే అడిగాను.