సున్నా చూపించిన మీటరు

తిరువూరులో లారీ దిగేసరికి సన్నటి జల్లు. గాలివానకు పదకొండు వేల వోల్టుల లైను స్తంభాలు కూలాయి, ఊరికి కరెంటు లేదు. వాటిని నిలబెట్టడానికి మా సైనిక ఇంజనీర్ల దళాన్ని పంపారు. పంతొమ్మిది వందల యాభైల చివరినాటి మాట.

వోల్టేజీ చూడటం నా పని. అంత వోల్టేజీని నేరుగా కొలవబోతే మీటరూ మిగలదు, మనిషీ మిగలడు. సబ్‌స్టేషన్లో చిన్న ట్రాన్స్‌ఫార్మరు దాన్ని తగ్గించి మీటరుకిస్తుంది. ఆ మీటరు ముల్లును అందరూ నమ్మేవారు. నేను మనుషులనే నమ్మను, ముల్లునేం నమ్ముతాను?

బియ్యం మిల్లు షావుకారును అసలే నమ్మలేదు. పూటపూటా వచ్చి నెత్తిన కూర్చునేవాడు.

"ఇంకెప్పుడండీ? తడిసిన వడ్లకు మొలకలొచ్చేస్తున్నాయి!"

వినగడప ఊరి వైపు చివరి స్తంభం పని మిగిలింది. మా లైను జవాను ఎక్కుతున్నాడు. నేను కింద, సబ్‌స్టేషన్‌కు తీగ లాగిన సైనిక ఫోను పట్టుకున్నాను.

"లైను ఆపారా?"

"ఆపేశామండీ. ముల్లు సున్నా మీదుంది" అన్నాడు సబ్‌స్టేషన్ ఆపరేటరు.

ఆ పొద్దున షావుకారు రాలేదు. అంత తొందరపడ్డవాడు ఎందుకు రాలేదు? పైకి చూసి అరిచాను.

"ఒరేయ్, తీగ ముట్టకు! దిగు!"

"మీ అనుమానం పాడుగాను! సున్నా అన్నారుగా సార్!" తిట్టుకుంటూ దిగాడు.

"వాన ముంచుకొస్తోంది, ఏంటయ్యా నీ గోల?" అని మా హవల్దారు అరిచాడు.

తీగ ముట్టేముందు, అందులో కరెంటుంటే భూమిలోకి పోయేలా, భూమిలో దిగ్గొట్టిన కడ్డీకి గొలుసు కట్టి తీగ మీదికి విసరాలి. మీటరు సున్నా చూపిస్తోందని మావాళ్లు నాలుగు రోజులుగా అది మానేశారు. నేను విసిరాను.

ఫట్‌మంది. తీగ పొడుగునా నీలం మంట.

"ఇక్కడ ఇంకా సున్నానేనండీ!" ఫోనులో ఆపరేటరు.

అతను అబద్ధమాడలేదు. కరెంటు మొత్తం ఆపేసిన సబ్‌స్టేషన్లో, మా లైను విడదీసిన స్విచ్చికి అవతలి పక్కన ఆ మీటరు ఉంది. మేం ఇవతల ఉన్నాం; ఇవతలి తీగల్లో కరెంటొస్తే దానికి తెలియదు.

మిల్లుకు పరుగెత్తాం. అద్దెకు తెచ్చిన జనరేటరు పొగలు కక్కుతోంది. షావుకారు దాన్ని మిల్లుకు కలిపాడు గానీ, బయటి లైను స్విచ్చి తియ్యలేదు. మామూలుగా వోల్టేజీ తగ్గించే మిల్లు ట్రాన్స్‌ఫార్మరు ఎదురు తిరిగి, జనరేటరు కరెంటును వేల వోల్టులకు పెంచి మా తీగల్లోకి తోసింది.

"నా మిల్లులో నేను ఇంజను వేసుకున్నానండీ. మీ తీగలకేంటి సంబంధం?" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. కొట్టబోతే హవల్దారు నన్ను పట్టుకున్నాడు.

ఊరికి కరెంటు ఇచ్చి బెజవాడ దారి పట్టాం. లారీలో జవాను నా ఎదురుగా కూర్చున్నాడు. తీగ ముట్టబోయిన కుడి అరచెయ్యి తెరిచి చూసుకుంటున్నాడు.

"ఏంట్రా?"

"ఏం లేదు సార్."

గుప్పిట మూశాడు. కాసేపాగి మళ్ళీ తెరిచి చూసుకున్నాడు. ఇన్నేళ్లయినా నాకు ఆ చెయ్యే కనిపిస్తుంది. దాని మీద చిన్న మచ్చ కూడా లేదు.