ఎవరూ పంపని పిలుపు

నేను కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరైన వాణ్ణి. ఉద్యోగమంతా ఫైళ్ళతోనే గడిచింది. ఆధారం జతపరచని ఏ మాట కిందా సంతకం పెట్టలేదు. దయ్యాల విషయంలోనూ నాది అదే పద్ధతి. పాత సర్కారీ క్వార్టర్లో ఉన్నప్పుడు పైన ఎవరో నడుస్తున్నారని మా ఆవిడ భయపడితే, డాబా మీదికి వెళ్ళి పిల్లిని పట్టుకొచ్చి చూపించాను. అందుకని ఇది చదివి, ఒంటరి ముసలాయనకి ఏదో తోచిందని అనుకోకండి. కాలేజీ రోజుల నుంచీ నాకు డైరీ రాసే అలవాటుంది. జరిగినది జరిగినట్టు ఏ రోజుకారోజు రాసుకున్నాను. దాన్ని పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను.

మా ఆవిడ పోయాక నోయిడాలో ఒక అపార్టుమెంటులో ఒక్కణ్ణే ఉంటున్నాను. అమ్మాయి శైలజ గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తుంది. వీలైన శనివారాల్లో వస్తుంది. కింద పార్కులో నమస్తే అంకుల్ అనేవాళ్ళు చాలామంది ఉన్నారు కానీ, కూర్చుని తెలుగులో మాట్లాడుకోవడానికి నాకు మిగిలిన మనిషి విశ్వనాథం గారు ఒక్కరే.

ఆయన ఫరీదాబాద్‌లో ఒక ఇంటి మొదటి అంతస్తులో అద్దెకుండేవారు. ఆఫీసులో నాకంటే సీనియరు. వేరే శాఖ నుంచి బదిలీ మీద మా దగ్గరికి వచ్చినప్పటి నుంచీ స్నేహం. పెళ్ళి చేసుకోలేదు. తనవాళ్ళ గురించి ఎప్పుడూ ఎత్తేవారు కారు. నేనూ అడగలేదు. వారానికోసారి మెట్రోలో కాల్కాజీ దగ్గర మారి ఆయన దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఉప్మా చేసేవారు. అందులో అల్లం తక్కువైందని నేను, నా నాలుకే మొద్దుబారిందని ఆయన.

ఆయన అలవాటు ఒకటి చెప్పాలి. ప్రభుత్వ ఆఫీసుల్లో కిందివాళ్ళు ఫైల్లో రాసినది పై అధికారికి సరిపడకపోతే, అంచున ఇంగ్లీషులో ‘ప్లీజ్ స్పీక్’ అని రాసి వెనక్కి పంపుతాడు. వచ్చి నాతో మాట్లాడు అని దాని భావం. రిటైరయ్యాక కూడా విశ్వనాథం గారు ఆ మాట వదల్లేదు. నాతో మాట్లాడాలనిపిస్తే మెయిల్లో ఆ రెండు ముక్కలే రాసి పంపేవారు.

“మీరే ఫోన్ చెయ్యొచ్చు కదండీ” అంటే, “సీనియర్ని నేను. నువ్వే రావాలి” అనేవారు.

ఈ శీతాకాలం మొదట్లో, పొగమంచూ పొగా కలిసి ఊపిరాడని రోజుల్లో, ఆయన ఆసుపత్రిలో చేరారు. చేర్చుకునే చోట దగ్గరి బంధువు ఎవరని అడిగారు. నేను ఆయన వైపు చూశాను.

“నిల్ అని రాయించవయ్యా మూర్తీ” అన్నారు ఆయాసపడుతూ. “నిల్ రిపోర్టు కూడా రిపోర్టే కదా.”

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వబోయారు కానీ దగ్గు వచ్చేసింది. ఆ వారంలోనే పోయారు.

నేనూ, ఇంటి యజమానీ కలిసి దహనం చేయించాం. అస్థికలు ఎర్రగుడ్డ కట్టిన చిన్న కుండలో పెట్టి, శ్మశానంలోనే ఒక గదిలో అలమరాలో ఉంచారు. అక్కడి పండిట్జీ నన్ను పక్కకి పిలిచి, “అంకుల్‌జీ, జ్యాదా దిన్ నహీ రఖ్ సక్తే. కోయీ అప్నా హో తో బులా లీజియే” అన్నాడు. ఎక్కువ రోజులు ఉంచలేం, తనవాళ్ళెవరైనా ఉంటే పిలిపించండి అని.

గంగలో కలపడం నేనైనా చేయగలను. చేద్దామనే అనుకున్నాను. కానీ తనవాళ్ళు అన్న ఆ మాట నన్ను వదల్లేదు. అంత కాలం బతికిన మనిషి, రక్తం పంచుకున్న వాళ్ళు ఒక్కరు కూడా చూడకుండా నీళ్ళలోకి వెళ్ళిపోవడం నాకు మింగుడుపడలేదు. పాత సహోద్యోగులకి ఒక్కొక్కరికే ఫోన్ చేసి అడిగాను. ఎవరికీ ఏమీ తెలియదు. చివరికి, తెలిసిన వాళ్ళనైనా పిలుద్దామని కూర్చున్నాను.

ఆ శనివారం శైలజ వచ్చేసరికి మెయిళ్ళలో ఉన్న అడ్రసులు కాగితం మీద రాసుకుంటున్నాను.

“నాన్నా, ఇవి కాగితం మీద రాసి, మళ్ళీ షీటులో కొడతారా? హే భగవాన్! ఏఐ అసిస్టెంట్ పెట్టి ఇచ్చాను కదా. మెయిల్లోది షీటులోకి, షీటులోది క్యాలెండర్లోకి అదే మోసుకెళ్తుంది.”

“అంటే డిస్పాచ్ గుమాస్తా.”

“అచ్ఛా, అలాగే అనుకోండి. టీకి వెళ్ళి గంటసేపు కనపడకుండా పోని గుమాస్తా.”

తను పక్కన కూర్చుని చూపిస్తే నేనే టైపు చేశాను. నా మెయిళ్ళలోనూ, మా ఆఫీసు పెన్షనర్ల పట్టికలోనూ, క్యాలెండర్లోనూ విశ్వనాథం గారితో సంబంధం ఉన్నవాళ్ళందరి పేర్లూ తీసి ఒక పట్టిక చెయ్యమన్నాను. చేసింది. ప్రతి పేరూ ఎక్కడి నుంచి తీసిందో పక్కనే రాసింది. అందరూ నాకు తెలిసిన పాత ఆఫీసువాళ్ళే. తర్వాత నేను రాసిన నాలుగు వాక్యాల కబురు జతచేసి, మరుసటి ఆదివారం పొద్దునకి క్యాలెండర్ పిలుపు తయారు చెయ్యమన్నాను. విశ్వనాథం గారు కాలం చేశారు, అస్థికలు గంగలో కలపడానికి గఢ్‌ముక్తేశ్వర్ తీసుకువెళ్తున్నాం, బయల్దేరేముందు ఫలానా శ్మశానవాటిక దగ్గర కలుద్దాం అని అందులో ఉంది. పంపేముందు పేర్లన్నీ నేను ఒకసారి, శైలజ ఒకసారి చూశాం. ఆ తర్వాతే పంపమన్నాను.

ఆదివారం ఇద్దరే వచ్చారు. మిగతావాళ్ళకి మోకాళ్ళు, దగ్గు, పొగ. వాళ్ళని తప్పుపట్టను. ఆ ఇద్దరూ కుండకి దండం పెట్టుకుని, కాసేపు నిలబడి, మాస్కులు సర్దుకుని వెళ్ళిపోయారు. నేను కుండ పట్టుకుని టాక్సీ దగ్గరికి వస్తుంటే గేటు ముందు ఇంకో క్యాబు ఆగింది.

అందులోంచి ఒకావిడ దిగింది. అరవై దాటి ఉంటాయి. శాలువా, పంజాబీ డ్రెస్సు, మంచి సిల్కు చున్నీ. పెళ్ళికి తయారైనట్టు వచ్చింది. గేటు మీద బోర్డు చదివి, డ్రైవర్‌తో హిందీలో గొడవ పడుతోంది. తప్పు చోటికి తెచ్చావని ఆవిడ, మ్యాప్ ఇదే చూపిస్తోంది మేడమ్ అని అతను. అతను వెళ్ళిపోయాక నా వైపు తిరిగింది.

“భాయీ సాబ్, ఇక్కడ మూర్తి గారని ఎవరైనా...” అంటూ మొదలుపెట్టి, నా మొహం చూసి, “మీరు తెలుగువాళ్ళా?” అంది.

“నేనే మూర్తినమ్మా.”

“అచ్ఛా! మీ పేరుతోనే వచ్చింది. మా అన్నయ్య ఎక్కడండీ?”

నాకు అర్థం కాలేదు. ఎవరమ్మా మీ అన్నయ్య అన్నాను. విశ్వనాథం, అంది.

నా చేతిలో కుండ ఉంది. నేనేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆవిడ ఎర్రగుడ్డ వైపు చూసింది, వెనక్కి తిరిగి బోర్డు వైపు చూసింది, అక్కడున్న సిమెంటు బల్ల మీద కూలబడిపోయింది. తర్వాత ఒక్క మాట అంది.

“మాట్లాడమని పిలిచి, ఇలా కుండలో కూర్చున్నాడేమిటండీ?”

ఫోన్ తీసి చూపించింది. నా మెయిల్ అడ్రసు నుంచి వెళ్ళిన క్యాలెండర్ పిలుపు. అదే ఆదివారం, అదే సమయం, మ్యాపులో అదే గుర్తు. కానీ నేను రాసిన కబురు అందులో లేదు. శ్మశానం అన్న మాట లేదు. చావు అన్న మాట లేదు. పైన ‘బుల్లెమ్మకి’ అని ఉంది. కింద ఇంగ్లీషులో ప్లీజ్ స్పీక్ అని ఉంది. అంతే.

కారులో వెళ్తూ ఆవిడే చెప్పింది. తల్లీ తండ్రీ పోతే విశ్వనాథం గారే ఆవిడని కాకినాడ నుంచి తెచ్చి, ఢిల్లీలో చదివించారు. మార్కులు తక్కువొస్తే ప్రోగ్రెస్ కార్డు అంచున పెన్సిల్‌తో ప్లీజ్ స్పీక్ అని రాసేవారు. వెళ్ళి ఎదురుగా నిలబడితే నవ్వేసేవారు. బుల్లెమ్మ అని ఆయన తప్ప ఇంకెవరూ పిలవలేదు. తర్వాత ఆవిడ తనతో పనిచేసే పంజాబీ అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. ఇక నాతో మాట్లాడకు అన్నారాయన. ఆవిడా మాట్లాడలేదు. భర్త పోయాడు. కొడుకుతో గురుగ్రామ్‌లో ఉంటోంది. అన్నయ్య ఫరీదాబాద్‌లో ఉన్నారని ఆవిడకి తెలియదు. రిటైరయ్యాక కాకినాడ వెళ్ళిపోయి అక్కడే ఎక్కడో ఉన్నారనుకుంటోంది.

ఆ పిలుపు చేరిన ఆవిడ మెయిల్ అడ్రసు, ఈ మధ్యనే కొత్త ఫోన్ కొన్నప్పుడు కొడుకు చేసి ఇచ్చినది. అందులో ఉన్నది అత్తింటి పేరు.

కాసేపయ్యాక కుండ ఇలా ఇవ్వండి అని తీసుకుని ఒడిలో పెట్టుకుంది. నేను ముందు సీట్లో ఉన్నాను. గఢ్‌ముక్తేశ్వర్ చేరేదాకా ఆవిడ దానితో మాట్లాడుతూనే ఉంది. సగం తెలుగు, సగం హిందీ. మాటలు దొరక్క మధ్యలో ఆగి, వెతుక్కుని, మళ్ళీ అందుకునేది. కోప్పడింది. తన కొడుకు సంగతి చెప్పింది. ఒకచోట నవ్వింది కూడా. నేను వినకూడదనుకుని కిటికీలోంచి చెరుకు బళ్ళు చూస్తూ కూర్చున్నాను.

ఘాట్ దగ్గర పండా, అంటే అక్కడి పురోహితుడు, “బేటా నహీ హై?” అని, కొడుకు లేడా అని అడిగాడు. “బహన్ హై”, చెల్లెలుంది అని ఆవిడే పడవెక్కింది.

తర్వాత నేను చేయగలిగిన విచారణంతా చేశాను. నేను పంపిన వాటిలో ఆవిడ అడ్రసు లేదు. పట్టికలో లేదు. నా మెయిళ్ళలో ఎప్పుడూ లేదు. బుల్లెమ్మ ఎవరని అసిస్టెంట్‌ని అడిగితే, ఆ పేరుతో సమాచారమేదీ దొరకలేదంది. ప్లీజ్ స్పీక్ అన్న మాట విశ్వనాథం గారు నాకు రాసిన మెయిళ్ళలోంచి తీసి ఉండొచ్చు. అంతవరకు ఒప్పుకుంటాను.

“ఇవి ఒక్కోసారి లేనివి కల్పిస్తాయి నాన్నా” అంది శైలజ.

“కల్పిస్తే కల్పించనీ. కల్పించిన అడ్రసు ఎటో తప్పిపోవాలి కదా. సరిగ్గా ఆవిడకే ఎలా చేరింది?”

శైలజ తన ఆఫీసులో తెలిసినవాళ్ళనీ అడిగింది. ఎవరూ తేల్చలేకపోయారు. ఉన్నదాన్ని ఇక్కడి నుంచి అక్కడికి చేర్చడమే దాని పని. లేనిదాన్ని ఎక్కడి నుంచి తెచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు.

కొన్నాళ్ళకి ఆవిడ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. కుశలం అడిగింది. తర్వాత ఆగి, “ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. అది మీరే పంపారు కదా? అన్నయ్య నా గురించి మీతో ఎప్పుడో చెప్పి ఉంటారు. పోయారని రాస్తే తట్టుకోలేనని అలా రాసి ఉంటారు. నిజం చెప్పండి” అంది.

అవునంటే సంగతి అక్కడితో తేలిపోతుంది. నమ్మడానికి వీలైన జవాబు అదొక్కటే. నాకు కూడా ఏ బెంగా ఉండదు.

“లేదమ్మా” అన్నాను. “ఆయన మీ గురించి నాతో ఒక్క మాట కూడా చెప్పలేదు. అది నేను పంపలేదు.”

“బుల్లెమ్మ అన్న పేరు కూడా మీకు తెలియదా?” అని అడిగింది. ఆ పిలుపు చూసేదాకా తెలియదన్నాను.

“సరేనండీ” అంది చివరికి. ఆ గొంతులో ఏడుపు ఉంది కానీ, అది దుఃఖం కాదు. “ఇంక నాకు చాలు.”