జపాను ఇంజన్, అమెరికా ఇంజన్: గలాలీలో నాలుగు రోజులు

మా బామ్మర్ది సత్తిబాబు బహ్రెయిన్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో జనరేటర్ మెకానిక్కు. వాడికి పని నేర్పింది నేనే. కాకినాడ హార్బరు దగ్గర నా షెడ్డులో ఆరేళ్ళు బోటింజన్లు విప్పి బిగించాక గల్ఫు వెళ్ళాడు. మొన్న ఆగస్టులో వాడు చూసే క్యాంపులో పెద్ద జనరేటర్ మిట్టమధ్యాహ్నం పట్టేసింది. ఏసీలు ఆగిపోయాయి. రేకుల గదిలో జ్వరంతో పడుకున్న గంగాధర్ అనే తాపీమేస్త్రి చనిపోయాడు.

తర్వాత పది రోజులపాటు సత్తిబాబు ఫోను ఎత్తలేదు. చివరికి వాడే చేశాడు.

"ఓసారొచ్చి ఇంజన్ చూడు బావా. నా తప్పో కాదో నువ్వు చెప్తేనే నమ్ముతాను."

కంపెనీవాళ్ళకీ అభ్యంతరం లేదట. పాడైన అమెరికా ఇంజన్‌ని బాగు చేయించాలా, తీసేసి జపానుది పెట్టాలా అని వాళ్ళు తేల్చుకోలేకపోతున్నారు. బయటి మెకానిక్కు ఒకడు చూసి రాసిస్తే మంచిదే అన్నారు. సెప్టెంబరు మొదటివారంలో విజిట్ వీసా తీసుకుని, రాత్రి రైల్లో సికింద్రాబాద్ చేరి, ఆరింటికల్లా ఎయిర్‌పోర్టు బస్సెక్కాను. పదింపావుకి విమానం.

బస్సులో పక్క సీట్లో జగిత్యాల వైపు ట్రైలర్ డ్రైవరు. "దుబాయి పోతున్నవా అన్నా?" అన్నాడు. బహ్రెయిన్‌కే అన్నాను. "గదే, మాకు అంత దుబాయే," అని నవ్వి, నా పని సంగతి విని హుషారుగా తిరిగి కూర్చున్నాడు. "జపాను బండి ఎట్ల నడిపినా నడుస్తదన్నా. అమెరికా బండికి బలం మస్తుంటది గాని నకరాలు జాస్తి." ముప్ఫై ఏళ్ళుగా నేనూ చెప్పే మాటే అది. అందుకని ఆయన పెట్టిన సకినాలు తింటూ గంటసేపు తలూపాను.

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. పన్నెండున్నరకి దిగి బయటికి రాగానే ఉడుకుతున్న గుండిగ మూత తీసినట్టు ఆవిరి ముఖాన కొట్టింది. బయటివాళ్ళని రాత్రిళ్ళు క్యాంపులో ఉండనివ్వరు కాబట్టి ముహరక్‌లో ఒక చిన్న లాడ్జి తీసుకున్నాను. రోజుకి తొమ్మిది దినార్లు. మంచం శుభ్రంగా ఉంది, కిటికీ తెరుచుకోదు. కింద కేరళవాళ్ళ హోటల్లో చేపల పులుసు, అన్నం దొరుకుతాయి. ఇంతకంటే చవగ్గా దొరకదని సత్తిబాబు చెప్పాడు.

నాలుగున్నరకి వాడొచ్చి గలాలీ తీసుకెళ్ళాడు. పది నిమిషాల దారి. నా భార్యకి వాడొక్కడే తమ్ముడు. వాడి చొక్కా భుజాల దగ్గర జారుతోంది. ఏం తింటున్నావురా అంటే, "టీ తాగుతున్నాను బావా," అన్నాడు.

సముద్రాన్ని పూడ్చిన నేల మీద వరసగా రేకుల గదులు. లైను కరెంటు ఇంకా అక్కడికి రాలేదు. రెండు జనరేటర్లే ఆధారం. చిన్నది జపానుది, వంటగదికీ నీళ్ళ మోటారుకీ. పెద్దది అమెరికాది, గదుల ఏసీలన్నీ దాని మీదే. ఇప్పుడు దాని చోట అద్దెకి తెచ్చిన ఇంకో జనరేటర్ రొద పెడుతోంది. ఎండాకాలం పన్నెండు నుంచి నాలుగు దాకా బయట పని చేయించకూడదని అక్కడి నియమం. పెద్ద జనరేటర్ పట్టేసిన రోజు కూడా అందుకే అందరూ లోపలే ఉన్నారు.

గంగాధర్ పక్క మంచం పోశన్నది. ఇద్దరిదీ ఒకే మండలం. మమ్మల్ని గది గుమ్మంలో నిలబెట్టి చెప్పాడు. "కరెంటు బందైనంక మేమంత బయటికొచ్చి బస్సు నీడకు కూసున్నం. గంగన్నకు జరముండె. లేపినం. మీరు నడువుండ్రి, వస్త అన్నడు. గంటకు పోయి చూస్తే పలుకలే." జేబులోంచి ఫోను తీసి చూపిస్తూ, "ఆయనింటామె రోజు ఫోన్ జేస్తది. మిషిన్ ఎందుకాగిందని అడుగుతది. మాకేం తెలుసు?" అన్నాడు.

మంచం మీద పరుపు తీసేశారు. బల్ల మాత్రం ఉంది. సత్తిబాబు లోపలికి రాలేదు.

మర్నాడు ఏడింటికి మూడు వందల ఫిల్సుల టిక్కెట్టుతో ఎర్ర బస్సెక్కి, మనామాలో బస్సు మారి ఈసా టౌన్‌లో దిగాం. అక్కడనించి టాక్సీలో సల్మాబాద్. పాడైన ఇంజన్ని విప్పడానికి అక్కడి షెడ్డుకే పంపారు. మెకానిక్కులకి చూడదగ్గ చోటది. వీధి వీధంతా షెడ్లే. ఏ దేశం ఇంజనైనా, ఏ కాలందైనా అక్కడ ఏదో మూల విప్పి ఉంటుంది. మా ఇంజన్ని విప్పుతున్న పెషావరు ఉస్తాద్‌కి అరవై దాటాయి. టీ తెప్పించి, "దేఖో భాయ్," అని పక్కకి తప్పుకున్నాడు.

చూడగానే ముచ్చటేసింది, అబద్ధమెందుకు. పిస్టన్ ఆడే ఇనప గొట్టాన్ని లైనరంటాం. మా బోట్లలో ఉండే జపాను రకాల్లో లైనరు ఇంజన్ దిమ్మలోకి బిగిసిపోయి ఉంటుంది. బయట నీళ్ళు తగలవు. అరిగితే దిమ్మ మొత్తం దించి మిషను షాపుకి మోయాల్సిందే. ఈ అమెరికా ఇంజన్‌లో లైనరు చుట్టూ నీళ్ళే తిరుగుతాయి. పాడైతే పైకి లాగి కొత్తది దించుకోవచ్చు. దిట్టమైన కట్టడం. సరిగ్గా చూసుకుంటే ఇరవై ఏళ్ళు లోడు లాగుతుంది.

ఉస్తాద్ నాలుగో లైనరు లాగి నా చేతికిచ్చాడు. బయటివైపు పిన్నీసుతో పొడిచినట్టు వరసగా గుంటలు. మూడు చోట్ల అవతలి వెలుతురు కనిపించింది. ఆ బెజ్జాల్లోంచి నీళ్ళు లోపలికి దిగి ఆయిల్లో కలిశాయి. బేరింగులు పట్టేశాయి.

"ఇందులో ఏం నీళ్ళు పోసేవురా?" అన్నాను.

"మంచినీళ్ళే బావా. నేనొచ్చేసరికి పచ్చగా నాచు పట్టినట్టున్నాయి. అయ్యన్నీ దింపేసి, కడిగి, తాగే మినరల్ క్యాన్లు నాలుగు తెచ్చి పోసేను. నెల నెలా మార్చేను. ఒక్క నెల కూడా తప్పలేదు."

చేతిలో లైనరు కింద పెట్టేశాను. అది నాచు కాదు, కూలెంటు. పిస్టన్ దెబ్బకి లైనరు అదురుతుంది. బయట నీళ్ళలో బుడగలు పుట్టి పేలి ఇనుముని కొరుకుతాయి. కొరక్కుండా అడ్డం ఉండేది ఆ పచ్చనీళ్ళే. జపాను బోటింజన్‌కి ఆ బాధ లేదు, అందుకే మా షెడ్డులో నేను పెట్టిన నియమం ఒకటుంది: ఇంజన్లో నీళ్ళు మనం తాగే నీళ్ళంత తేటగా ఉండాలి, నెలకోసారి మార్చాలి. మార్చనివాణ్ణి నేను తిట్టని తిట్టు లేదు. పోర్టులో టగ్గు బోట్ల మీద అమెరికా ఇంజన్లు చూశాను. వాటిలో పచ్చనీళ్ళు పోస్తారనీ తెలుసు. నా షెడ్డుకి అవి రావు కాబట్టి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఉస్తాద్ నా వంక చూశాడు. "ఇంజన్ ఖరాబ్ నహీ, భాయ్," అన్నాడు మెల్లగా. టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

బయట ఎండలో సత్తిబాబు నా చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పు బావా. నా తప్పా?"

"కాదురా," అన్నాను. "లైనరు పోతలోనే లోపముంది. నువ్వేం చేసినా పోయేదే."

వాడక్కడే ఫుట్‌పాత్ మీద కూలబడి ఏడ్చాడు. మధ్యాహ్నం ఈసా టౌన్‌లో మెస్సుకి తీసుకెళితే రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. వాడు తింటుంటే చూసి నేను చేసింది మంచి పనే అనుకున్నాను. ఆ రాత్రి నిద్ర కూడా బాగానే పట్టింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నిద్రకే నాకు ఎక్కువ సిగ్గేస్తుంది.

మూడోరోజు కంపెనీ ఆఫీసులో కేరళ ఇంజనీరు కాగితం ముందు పెట్టాడు. ఇంజన్ మంచిది, లైనర్లు, బేరింగులు మారిస్తే నడుస్తుంది, జపానుది కొననక్కర్లేదు అని రాశాను. కారణం అన్నచోట ఏమీ రాయలేదు. ఆయనా అడగలేదు. సాయంత్రం ముహరక్ సూక్ బజార్లో మా ఆవిడకి ఖర్జూరాలు కొన్నాను.

నాలుగోరోజు పదకొండింటికి విమానం. ఎనిమిదింటికి సత్తిబాబు కంపెనీ పికప్పుతో లాడ్జికొచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. వెనక నాలుగు మినరల్ నీళ్ళ క్యాన్లున్నాయి.

"ఇయ్యెక్కడికిరా?" అన్నాను బండి కదిలాక.

"బుదైయాకి బావా. అక్కడ విల్లాల సైటు దగ్గర కూడా ఇలాంటి అమెరికా జనరేటరే ఉంది. నిన్ను దింపేసి ఎళ్ళి నీళ్ళు మార్చేస్తాను. భయమేసి ఈ నెల ముట్టుకోలేదు. నువ్వు చెప్పేవు కదా, ఇప్పుడు ధైర్యంగా ఉంది."

"ఎంతమంది ఉంటారక్కడ?"

"ఇరవై మంది దాకా."

బండి పక్కకి ఆపమన్నాను. ఆపాడు. మొత్తం చెప్పాను. పచ్చనీళ్ళేమిటో, తీసేస్తే ఏమవుతుందో, ఆ నియమం పెట్టిన నేను తెలిసీ చెప్పలేదన్నదీ, మొన్న అబద్ధమాడానన్నదీ. తప్పు నీది కాదు నాది అని రెండుసార్లు అన్నాను. వాడు స్టీరింగు మీద చేతులుంచి రోడ్డు వంకే చూస్తూ విన్నాడు.

"అంటే గంగాధర్ నేను పోసిన నీళ్ళకే..."

"అవున్రా."

వాడు టైము చూసి బండి తీశాడు. ఎయిర్‌పోర్టు దగ్గర నా సంచి దింపి చేతికిచ్చి, "సగానికి సగమా బావా?" అన్నాడు.

"ఏంటి?"

"పచ్చనీళ్ళు. మంచినీళ్ళు సగం, అది సగమా?"

సగానికి సగం, ముందు ఆయిల్ చూడు, రంగు మారితే స్టార్ట్ చేయకుండా మనుషుల్ని గదుల్లోంచి బయటికి పంపించు అని చెప్పాను. తలూపి వెళ్ళిపోయాడు. విమానం గేటు దగ్గర కూర్చుని కారణం అన్న గడిలో రాయాల్సింది ఫోన్లోనే ఇంజనీరుకి రాసి పంపాను. ఆ వైపు వెళ్ళే మెకానిక్కులకి నేను చెప్పగలిగేదీ అదే. జపాను ఇంజన్ మన తప్పుని చాలాకాలం ఓర్చుకుంటుంది. అమెరికాది ఓర్చుకోదు, దాని పుస్తకంలో రాసినట్టు చేస్తే మాత్రం చాలా ఏళ్ళు పనిచేస్తుంది. ఏది మంచిదని అడిగితే నాకు ఇప్పటికీ రెండూ మంచివే. మనకి ఏది తెలుసో, ఏది తెలీదో ముందు చూసుకోండి.

ఆరింటికి హైదరాబాద్‌లో దిగాను. సికింద్రాబాద్ వెళ్ళే బస్సులో ఉండగా సత్తిబాబు ఫోను చేశాడు.

"కలిపేసేను బావా. ఆయిల్ బానే ఉంది. జనరేటర్ నడుస్తోంది." తర్వాత గొంతు తగ్గింది. "గంగాధర్ వాళ్ళావిడ మళ్ళీ ఫోన్ చేస్తాది. నేను మాట్లాడలేను."

"నా నంబరివ్వు," అన్నాను. "నేను చెప్తాను."

రైల్లో పై బెర్తు మీద ఆవిడకి ఏమని మొదలుపెట్టాలో ఆలోచిస్తూ పడుకున్నాను. అమ్మా అనాలో, చెల్లెమ్మా అనాలో కూడా తేలలేదు. సామర్లకోటలో తెల్లారింది. టీ అమ్మేవాళ్ళు ఎక్కుతుండగా ఫోను మోగింది. కొత్త నంబరు.

"అన్నా, మిషిన్ సంగతి మీకు ఎరికట గద," అంది ఆవిడ. "మంచిగ అర్థమయ్యేటట్టు చెప్పుండ్రి. నా కొడుకు కూడ వింటున్నడు."

కిందికి దిగి, తలుపు దగ్గర నిలబడి, నీళ్ళ దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాను.