వదినతో తగువు

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసినన్నాళ్ళూ ఆయన ఎవరిమీదా గొంతు పెంచింది లేదు. అవతలివాళ్ళు ఎంత మండిపడ్డా "దయచేసి లైన్లో ఉండండి" అనడమే తెలుసు. దాంతో తోటివాళ్ళు ఆయనకు 'దయచేసి' అనే పేరు ఖాయం చేశారు. రిటైరయ్యాక, చేపల రేవులో ఐసు ఫ్యాక్టరీ మెషీన్లు చూసే కూతురి దగ్గరికి మకాం మార్చాడు.

రేవులో చేపలమ్మే ఒకావిడను అందరూ 'మైకు' అనేవారు. ఆమె నోరు విప్పితే పడవల మీద వాలిన పక్షులు లేచిపోయేవి. మన 'దయచేసి' ఆమె ముందు వినయంగా నిలబడి, "అమ్మా, మీకు ఇబ్బంది లేకపోతే ఈ చేప ధర సెలవిస్తారా?" అన్నాడు. ఆమె చటుక్కున తట్టమీద గోనె కప్పేసింది. పక్కనున్న ఆవిడ త్రాసు వెనక్కి దాచేసింది.

వారమంతా ఇదే వరస. ఖాళీ సంచితో తిరిగొచ్చి, "ఇంత మర్యాద తెలియని మనుషులేమిటే!" అని కూతురి దగ్గర వాపోయాడు. సంగతేమిటో రేవులో కనుక్కొచ్చిన కూతురు పడీపడీ నవ్వింది.

"నిన్ను తనిఖీ ఆఫీసరనుకుంటున్నారు నాన్నా! వాళ్ళని 'మీరు' అని పిలిచేది ఇద్దరే. సరుకు జప్తు చేసేవాళ్ళు, చావుకబురు తెచ్చేవాళ్ళు."

"మరి కావలసినవాళ్ళనేమంటారు?"

"తిడతారు."

ఆ మాటతో ఆయనకు ఎక్కడలేని హుషారొచ్చింది. గిన్నెలు తోముతూ, మంచం దులుపుతూ తిట్లు సాధన చేశాడు. తెల్లారగానే రేవుకు పరుగెత్తి, కళ్ళు మూసుకుని ఒక్క అరుపు అరిచాడు.

"ఏమే మైకూ! ఆ చేప చచ్చి ఎన్నాళ్ళయింది?"

చేపలు కోసే కత్తులన్నీ ఆగిపోయాయి. మైకు నడుం మీద చెయ్యేసుకుని లేచింది.

"నన్ను 'ఏమే' అంటావా! అలా అనడానికి నా మొగుడికే ధైర్యం చాలదు!"

ఆయనకు క్షమాపణ నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో మైకు ఫక్కున నవ్వేసింది.

"నీకు తిట్టడం కూడా రాదేం? వదినా అను. అప్పుడు నువ్వూ తిట్టొచ్చు, నేనూ తిట్టొచ్చు. ఏం మరిదీ, నీ కళ్ళు కాకులెత్తుకుపోయాయా? మొప్పలు చూడు, ఎంత ఎర్రగా ఉన్నాయో!"

"ముందు త్రాసు మీద నుంచి బొటనవేలు తియ్యి వదినా!"

జనం గొల్లుమన్నారు. కొందరు ఆమె పక్షం, కొందరు ఈయన పక్షం చేరి ఎగదోశారు. మాటకు మాట పెరిగింది. ఇన్నేళ్ళూ మింగిన అరుపులన్నీ ఆయన నోట్లోంచి పొంగుకొచ్చాయి. చివరికి మైకు చేపను సంచిలో పడేసి, పైన ఒక దోసెడు రొయ్యలు కుమ్మరించింది.

"పుల్లలా ఉన్నావు. తిని చావు, పో!"

ఆయన రొప్పుతూ ఇంటికొచ్చి తలుపు బాదాడు.

"తిట్టిందే! నన్ను నలుగురిలో పెట్టి తిట్టింది!"

సాయంత్రానికి గొంతు పూర్తిగా పోయింది. వేడినీళ్ళు పుక్కిలిస్తూనే, రేపు వదినను ఏమని తిట్టాలో కూతురికి సైగలతో చెప్పడం మొదలుపెట్టాడు.